హాస్టలులో దింపి వచ్చిన తరువాత: తల్లిదండ్రుల ప్రశ్నలు, వైద్యుని జవాబులు

ఇంజనీరింగు, డిగ్రీ కళాశాలల్లో ప్రవేశాలు జరిగే రోజుల నుంచి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. మోకాళ్ల నొప్పులు, చక్కెర వ్యాధి గురించి అడిగేవారు తగ్గి, పిల్లలను కర్నూలులోనో అనంతపురంలోనో కడపలోనో హాస్టలులో దింపి వచ్చిన తల్లిదండ్రులు రాసేవి పెరుగుతాయి. అలా వచ్చి చేరిన వాటిలో ఆరింటికి ఈ సంచికలో జవాబిస్తున్నాను. ఉత్తరాలను కుదించాము, రాసినవారి పేర్లు తీసివేశాము.

ప్రశ్న: మా అమ్మాయికి అనంతపురంలో ఇంజనీరింగు సీటు వచ్చింది. వచ్చే వారం వెళ్లాలి. ఇంటర్ వరకు ఇంట్లోనే ఉండి చదువుకుంది. బహిష్టు సమయంలో రక్తస్రావం ఎక్కువగా అవుతుంది, రెండంతస్తులు ఎక్కితే ఆయాసపడుతుంది. హాస్టలు తిండితో ఇంకా నీరసపడుతుందేమోనని నా బెంగ. బలానికి ఏమి చేసి పంపాలి? ఏయే మందులు కొనిపెట్టాలి?
– ఒక తల్లి, ఆదోని

జవాబు: అమ్మా, పిండివంటల సంగతి తరువాత చూద్దాము. ముందుగా, అమ్మాయి బయలుదేరేలోపే రక్తపరీక్ష చేయించండి. ఆడపిల్లలకు హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత కిందే లెక్క. 8 గ్రాముల కంటే తక్కువ ఉంటే అది తీవ్రమైనది, ఆ స్థితిలో తరగతులకు పంపే తొందర పెట్టుకోకూడదు. ఆయాసం, అధిక రక్తస్రావం రెండూ ఉన్నాయని రాశారు కనుక మొదటిదానికి రెండవది కారణమై ఉండవచ్చు. గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చవలసి రావడం, గడ్డలు పడటం, 7 రోజులు దాటినా ఆగకపోవడం, వీటిలో ఏది ఉన్నా స్త్రీల వైద్యురాలికి చూపించాలి, ఎందుకంటే థైరాయిడ్ లోపం వంటివి వెనుక ఉండవచ్చు. "పెళ్లయితే అదే సర్దుకుంటుందిలే" అనే మాట మన వైపు ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆ మాట నమ్మి ఏళ్ల తరబడి రక్తం పోగొట్టుకున్న అమ్మాయిలను చాలామందిని చూశాను.

డాక్టరు ఐరన్ మాత్రలు రాస్తే వాటిని టీతోనో పాలతోనో మింగకూడదు. నిమ్మరసంతో వేసుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం కాగానే టీ తాగే అలవాటు ఉంటే కనీసం గంట ఎడం ఇవ్వాలి. ఈ మాత్రలతో విరేచనం నల్లగా అవుతుందని ముందే చెప్పి పంపండి, లేకుంటే మొదటి వారంలోనే భయపడి మానేస్తుంది. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా మూడు నెలల పాటు వాడితేనే శరీరంలో నిల్వలు నిండుతాయి.

చెనిక్కాయల ఉండలు, నువ్వుల ఉండలు, వేయించిన శనగలు తప్పకుండా పంపండి. అవి ఆకలి తీరుస్తాయి, మాంసకృత్తులనిస్తాయి, కొత్త గదిలో నలుగురితో స్నేహం కూడా కుదురుస్తాయి. అయితే ఒకసారి రక్తం తగ్గిన తరువాత దానిని ఉండలతో పెంచలేము, మాత్రలు కావలసిందే. హాస్టలు తిండిలో రుచి లేదని తల్లులందరూ బాధపడతారు కానీ నా దృష్టిలో అసలు చిక్కు ఉదయపు తిండి మానేయడం. ఉగ్గాని పళ్లాల దగ్గర వరుస చూసి, తరగతికి ఆలస్యమవుతుందని వెనుదిరిగిన పిల్లలు మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఖాళీ కడుపుతో ఉంటారు. మీరు పంపే డబ్బాను సాయంత్రం కాలక్షేపానికి కాకుండా అలాంటి ఉదయాలకు వాడుకోమని చెప్పండి.

మందుల డబ్బా చిన్నదిగా ఉండాలి. పారాసెటమాల్ మాత్రలు, నీటిలో కలుపుకునే ఓఆర్ఎస్ పొట్లాలు, గాయాలకు దూది, పట్టీలు, థర్మామీటరు, ప్యాడ్లు చాలు. యాంటీబయాటిక్ మాత్రలు పెట్టకండి. ఒళ్లు నొప్పులకని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటివీ పెట్టకండి, ఎందుకంటే వానాకాలంలోనూ ఆ తరువాతి నెలల్లోనూ వచ్చే జ్వరం డెంగీ అయితే ఆ మాత్రలు రక్తస్రావాన్ని పెంచుతాయి. డెంగీలో జ్వరం తగ్గుముఖం పట్టే సమయమే, అంటే మూడవ రోజు నుంచి ఏడవ రోజు వరకు, ఎక్కువ ప్రమాదకరం. జ్వరం దిగిందని సంతోషించే వేళకు విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా పడి ఉండటం కనిపిస్తే ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. ప్లేట్‌లెట్ల సంఖ్య కోసం పూటపూటకూ ఫోన్ చేసి కంగారుపడే తల్లిదండ్రులు ఈ లక్షణాల గురించి ఒక్కసారి కూడా అడగకపోవడం నాకు విచిత్రంగా తోస్తుంది.

మరొక మాట. ఈ వారంలో రక్తపరీక్షకు మీరు తోడు వెళ్లండి, కానీ ఓపీ చీటీ వరుసలో అమ్మాయినే నిలబడనివ్వండి. బాధ ఏమిటో డాక్టరుకు ఆమెనే చెప్పనివ్వండి, మందుల దుకాణంలో మాత్ర పేరు, మోతాదు ఆమెనే అడిగి రాసుకోనివ్వండి. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ప్రతిసారీ అమ్మే మాట్లాడిన పిల్ల, అనంతపురంలో 102 డిగ్రీల జ్వరంతో ఒంటరిగా ఆసుపత్రి కిటికీ ముందు నిలబడి మాట పెగలక తిరిగి గదికి వెళ్లి పడుకుంటుంది.

ప్రశ్న: మా అబ్బాయి కర్నూలులో రెండవ సంవత్సరం చదువుతున్నాడు. మొదటి ఏడాది బాగానే చదివాడు. ఇప్పుడు ఫోన్ ఎత్తడు, ఎత్తినా ఆ, ఊ అంటాడే తప్ప మాట్లాడడు. మూడు సబ్జెక్టులు పోయాయని వాని స్నేహితుని ద్వారా తెలిసింది. దసరాకు ఇంటికి వచ్చి పగలంతా పడుకున్నాడు, బాగా చిక్కిపోయాడు. రెండుసార్లు ఫీజు అని చెప్పి డబ్బు తీసుకున్నాడు, కాలేజీలో విచారిస్తే బాకీ అలాగే ఉంది. గంజాయికి అలవాటు పడ్డాడేమోనని వాళ్లమ్మ ఏడుస్తోంది. నేను, మా అన్నదమ్ములు వెళ్లి నాలుగు తగిలించి ఇంటికి తెచ్చుకుందామా?
– ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: వెళ్లండి, కానీ ఒక్కరే వెళ్లండి. పెదనాయన, చిన్నాయన, మేనమామ కలిసి హాస్టలు గదిలో పంచాయితీ పెడితే తోటి విద్యార్థుల ముందు వాని తల కొట్టేసినట్టవుతుంది, ఆ తరువాత వాని నోటి నుంచి నిజం రాదు. కొట్టడం వలన మీకు ఒక పూట మనశ్శాంతి దొరకవచ్చు, వానికి ఏమీ దొరకదు.

మీరు రాసిన లక్షణాలు గంజాయికీ సరిపోతాయి, డిప్రెషన్‌కూ సరిపోతాయి, ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలకూ, లోన్ యాప్‌ల అప్పుకూ సరిపోతాయి. ఒకటి మరొకదానికి దారితీసి ఉండవచ్చు కూడా. బయటి నుంచి చూసి ఇది అని తేల్చడం వైద్యులకే సాధ్యం కాదు కనుక, కారణాన్ని ఇంట్లోనే నిర్ణయించుకుని బయలుదేరకండి. వానిని హాస్టలు బయటికి తీసుకువెళ్లి ముందు కడుపునిండా తినిపించండి. తరువాత మీరు కళ్లారా చూసినదానితో మొదలుపెట్టండి. "చిక్కిపోయావు నాయనా, పగలంతా పడుకుంటున్నావు, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదా?" అని అడగవచ్చు. ఫీజు సంగతి దాచకండి, అలాగని నిలదీయకండి. "ఫీజు కట్టలేదని నాకు తెలుసు, డబ్బు ఏమైందో ఇప్పుడే చెప్పనక్కరలేదు, ముందు నువ్వెలా ఉన్నావో చెప్పు" అంటే వానికి ఇంకొక అబద్ధం వెతుక్కోవలసిన అవసరం తప్పుతుంది. ఆపైన మౌనంగా ఉండండి. మన తండ్రులకు అన్నింటికన్నా కష్టమైన పని అదే అని నాకు తెలుసు, అయినా పది నిమిషాల మౌనం తరువాతనే చాలామంది పిల్లలు నోరు విప్పుతారు.

రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి చెడిపోయి, ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోకపోతే అది సోమరితనం కాదు, డిప్రెషన్ కావచ్చు. అప్పుడు ఒక ప్రశ్న సూటిగా అడగాలి: "చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని పెద్దలు జంకుతారు. అది నిజం కాదు. ఆ ఆలోచనతో ఒంటరిగా నలుగుతున్నవానికి ఎవరైనా అడగడమే ఊరట. అవునని చెబితే తిట్టకండి, ఒట్టు వేయించుకోకండి, మా పరువేమి కావాలని ఏడవకండి. ఆ క్షణం నుంచి ఒంటరిగా వదలకండి. ఇంటికి తెచ్చుకుంటే, మీది సేద్యం చేసే ఇల్లు అయితే, పురుగుల మందు, గడ్డి మందు డబ్బాలను ముందే ఇంటి నుంచి తరలించి తాళం వేసిన చోట పెట్టించండి. మన పల్లెల్లో ఎన్నో ప్రాణాలు పోయింది క్షణికావేశంలో చేతికందిన ఆ డబ్బా వల్లనే, అందకుండా చేస్తే ఆ ఘడియ దాటిపోతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ అయిన టెలి మానస్ నంబరు 14416కు రాత్రి పగలు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. ఆత్మహత్యకు ప్రయత్నిస్తే కేసు పెడతారనే భయంతో దాచిపెట్టే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ అలాంటివారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించి, శిక్షకు బదులు చికిత్స అందించమంటుంది. డాక్టరు రాసిన మాత్రలు పని చేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారం చూసి గుణం లేదని మానిపించకండి, కుదుటపడ్డాడని మీకు మీరుగా ఆపనూవద్దు.

గంజాయి సంగతి నిజమే అయితే దొంగచాటుగా మూత్రపరీక్ష చేయించి సాక్ష్యంగా ముందు పెట్టడం వలన ప్రయోజనం లేదు. చికిత్సకు ఒప్పించడమే లక్ష్యం. మత్తుకు బానిసై తనంతట తాను చికిత్సకు ముందుకు వచ్చినవారికి, వాడకం నేరం విషయంలో రక్షణ కల్పించే 64ఏ సెక్షన్ మాదకద్రవ్యాల చట్టంలోనే ఉంది. కాలేజీ చుట్టుపక్కల అమ్మేవారి గురించి తెలిస్తే మాదకద్రవ్యాలను అరికట్టే రాష్ట్ర పోలీసుల ఈగల్ విభాగానికి 1972 నంబరులో చెప్పవచ్చు, కానీ మీ అబ్బాయి చేత పేర్లు చెప్పించడం మొదటి పనిగా పెట్టుకోకండి.

నిజానికి, ఫీజు డబ్బు మాయమైందని విన్నప్పుడు నాకు ముందుగా అనుమానం వచ్చేది ఫోన్ మీదనే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లో, కేంద్రం 2025లో చట్టంతో నిషేధించినా బెట్టింగ్ ఆగలేదు. పోయినదానిని రాబట్టుకోవాలని లోన్ యాప్‌లో అప్పు చేస్తారు, వాళ్లు ఫోన్‌లోని నంబర్లన్నీ లాగి, ఫోటోలు మార్చి బంధువులకు పంపుతామని బెదిరిస్తారు. ఈ బెదిరింపులకు లొంగి మళ్లీ మళ్లీ కట్టడం వలన అప్పు తీరదు. సందేశాలను చెరపకుండా భద్రపరచి, 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేసి సైబర్ నేరంగా ఫిర్యాదు చేయాలి. "ఆ ఫోటోలు ఎవరికి పంపినా మేము నీ వైపే ఉంటాము" అని మీరు ఒక్కమాట అంటే ఆ బెదిరింపుకు ఉన్న బలమంతా పోతుంది.

చదువు గురించి చివరనే మాట్లాడండి. పోయిన మూడు సబ్జెక్టులు మళ్లీ రాసుకోవచ్చు. 2025 జులైలో సుప్రీంకోర్టు, మన రాష్ట్రానికి సంబంధించిన ఒక కేసులోనే, 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులు ఉన్న ప్రతి విద్యాసంస్థా కనీసం ఒక అర్హత గల కౌన్సెలరునో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో నియమించాలని ఆదేశించింది. మీ అబ్బాయి కాలేజీలో ఆ కౌన్సెలరు ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో ప్రిన్సిపాలును అడగండి. ఫీజు కడుతున్న తండ్రిగా ఆ సమాధానం పొందే హక్కు మీకుంది.

ప్రశ్న: నా మేనకోడలికి చిన్నప్పటి నుంచి ఫిట్స్ ఉన్నాయి. మాత్రలతో రెండేళ్లుగా రాలేదు. కడపలో పీజీ సీటు వచ్చింది. హాస్టలులో ఎవరికీ చెప్పకూడదని, తెలిస్తే పెళ్లి సంబంధాలు చెడిపోతాయని మా అక్క పట్టుబడుతోంది. మాత్రలను విటమిన్ డబ్బాలో పోసి పంపుతానంటోంది. ఇది సరైనదేనా?
– ఒక మేనమామ, గుంతకల్లు

జవాబు: సరైనది కాదు, ముఖ్యంగా డబ్బా మార్చే ఆలోచన చాలా ప్రమాదకరం. ఫిట్స్ వచ్చి స్పృహ లేని స్థితిలో ఆసుపత్రికి చేర్చినప్పుడు, ఏ మందు వాడుతోందో ఆ డబ్బా మీద పేరు చూసే డాక్టరు తెలుసుకుంటాడు. వార్డెనుకు, ఒకే గదిలో ఉండే ఇద్దరు ముగ్గురికి చెప్పాలి. కళాశాల అంతటా చాటింపు వేయనక్కరలేదు.

గదిలో ఉండేవారికి చెప్పవలసింది ఎక్కువేమీ లేదు. ఫిట్స్ వచ్చినప్పుడు చుట్టూ ఉన్న బల్లలు, కుర్చీలు జరిపి, తల కింద మెత్తని గుడ్డ పెట్టి, కొట్టుకోవడం ఆగగానే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఎంతసేపు ఉందో గడియారం చూడాలి. 5 నిమిషాలు దాటినా, స్పృహ రాకముందే రెండవసారి వచ్చినా 108కి ఫోన్ చేయాలి. తాళం చెవుల గుత్తి చేతిలో పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం మనకు తరతరాల అలవాటు. వాటితో ఫిట్స్ ఆగవు, ఒకటి రెండు నిమిషాలలో అవే ఆగుతాయి గనుక ఆ ఘనత గుత్తికి దక్కుతోంది, అంతే. నోట్లో చెంచా, గుడ్డ, వేలు పెట్టడం మాత్రం నిజంగా హాని చేస్తుంది, పళ్లు విరిగి గొంతులో పడవచ్చు. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్లు తాగించకూడదు.

రెండేళ్లుగా రాలేదంటే మాత్రలు పని చేస్తున్నాయని అర్థం, జబ్బు పోయిందని కాదు. హాస్టలుకు వెళ్లాక ఫిట్స్ తిరగబెట్టడానికి రెండు కారణాలే తరచుగా కనిపిస్తాయి: మాత్ర మరచిపోవడం, పరీక్షల ముందు రాత్రంతా మేలుకోవడం. పరీక్షల ముందు కూడా ఆరేడు గంటల నిద్ర ఆమెకు చికిత్సలో భాగమని ఆమెకే వివరించి చెప్పండి. మాత్రలు అయిపోవడానికి పది రోజుల ముందే కొనుక్కోవాలి. పై బెర్తు లాంటి మంచం తీసుకోకూడదు, స్నానాల గదికి లోపలి నుంచి గడియ పెట్టుకోకూడదు, డాక్టరు అనుమతి లేనిదే బండి నడపకూడదు. ఫిట్స్ మందులలో కొన్ని గర్భం వచ్చినప్పుడు బిడ్డకు కీడు చేస్తాయి కనుక పెళ్లి ఈడు వచ్చిన అమ్మాయిలు ఏ మందు వాడుతున్నారో నరాల వైద్యునితో ఒకసారి సమీక్షించుకోవాలి. భయపడి తామే ఆపేయకూడదు.

ఇక పెళ్లి మాట. హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డంకిగా ఒకప్పుడు మూర్ఛ పేరు ఉండేది. దానిని 1999లో తీసివేశారు. చట్టమే వదిలిపెట్టిన దానిని మనం పట్టుకుని వేలాడుతున్నాము. సంబంధం కుదిరేటప్పుడు అబ్బాయికి ముందే చెప్పండి, ఆ జాగ్రత్త వేరు. హాస్టలులో చెప్పకపోవడం వలన సంబంధాలకు మేలు జరగదు కానీ ప్రాణానికి కీడు జరగవచ్చని మీ అక్కగారికి నా మాటగా చెప్పండి.

ప్రశ్న: మా అమ్మాయి అనంతపురంలో డిగ్రీ చదువుతోంది. ఈమధ్య ఆసుపత్రిలో చూపించుకుంది. ఏమి జబ్బని నేను ఫోన్ చేసి అడిగితే డాక్టరు చెప్పనన్నారు. డబ్బు కట్టేది నేను, కన్నది నేను. ఇదేమి న్యాయం?
– ఒక రైతు, పత్తికొండ

జవాబు: మీ బాధ న్యాయమైనదే, డాక్టరు చేసినదీ న్యాయమే. 18 ఏళ్లు నిండినవారు తమ వైద్యం గురించి తామే నిర్ణయించుకోవచ్చు. వారి అనుమతి లేకుండా వివరాలు బయట పెట్టకూడదన్నది వైద్యుల వృత్తి నియమం, మానసిక చికిత్స విషయంలో 2017 చట్టం దానిని ఇంకా గట్టిగా చెబుతుంది. ప్రాణాపాయం ఉంటే మాత్రం అవసరమైనంత మేరకు చెప్పవచ్చు. అమ్మాయిని దబాయించి చెప్పించుకుంటే ఈసారి తెలుస్తుంది, మరుసటిసారి ఆసుపత్రికి వెళ్లిన సంగతే మీకు తెలియదు.

తండ్రిగా మీరు చేయగలిగినవి ఉన్నాయి. "నీకు ఒంట్లో బాగాలేకపోతే డాక్టరు నాతో మాట్లాడటానికి నువ్వు ఒప్పుకుంటావా?" అని ముందే అడిగి, ఒప్పుకుంటే ఒక కాగితం మీద రాసి తన దగ్గర పెట్టుకోమనండి. మానసిక చికిత్సకైతే తనకు నమ్మకమున్న పెద్దవారిని తన ప్రతినిధిగా రాసి ఇచ్చుకునే వీలు ఆ చట్టంలోనే ఉంది. అది తండ్రే కానవసరం లేదు, అత్తో పిన్నో అయితే ఆడపిల్ల సులువుగా చెప్పుకుంటుంది. ఆధార్, రేషన్ కార్డు నకళ్లు, ఎన్టీఆర్ వైద్య సేవకు అర్హత ఉంటే ఆ వివరాలు, రక్తం గ్రూపు, ఏ మందు పడదో ఆ పేరు ఒక కవరులో పెట్టి పెట్టెలో ఉంచమనండి. ప్రమాదం జరిగినప్పుడు సంతకం చేసే తండ్రి రాలేదని చికిత్స ఆపరు. అత్యవసరంలో ప్రభుత్వ వైద్యుడైనా ప్రైవేటు వైద్యుడైనా ముందు ప్రాణం కాపాడాలని 1989లోనే సుప్రీంకోర్టు తీర్పు ఉంది.

ప్రశ్న: మావాడు ఇంజనీరింగు మొదటి సంవత్సరం. సీనియర్లు రాత్రిపూట గదికి పిలిచి నిలబెట్టి పాటలు పాడిస్తున్నారు, వాళ్ల రికార్డులు రాయిస్తున్నారు. ఫిర్యాదు చేస్తే ఇంకా ఎక్కువ చేస్తారని వద్దంటున్నాడు.
– ఒక తల్లి, రాయదుర్గం

జవాబు: రికార్డులు రాయించడం కూడా ర్యాగింగే. 2009 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనలు ఆ సంగతిని విడిగా పేర్కొన్నాయి. 1800-180-5522 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, పేరు చెప్పకుండానే ఫిర్యాదు ఇవ్వవచ్చు. నేరంగా పరిగణించవలసిన సంఘటన అయితే కాలేజీ 24 గంటలలోగా పోలీసులకు ఎఫ్‌ఐఆర్ ఇవ్వాలి. ప్రవేశం రోజున ర్యాగింగు గురించి విద్యార్థి, తల్లిదండ్రులు ఇద్దరూ ప్రమాణపత్రం మీద సంతకం చేశారు కదా, అది సీనియర్ల తల్లిదండ్రులకూ వర్తిస్తుంది. ఎవరు, ఏ తేదీన, ఏ గదిలో అన్నది రోజూ రాసి పెట్టుకోమనండి. దెబ్బలు, బట్టలు విప్పించడం, మద్యం తాగించడం వంటివి జరిగితే వాడు వద్దన్నా ఆగకుండా మీరే 112కు చెప్పండి.

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. కాలేజీ ఊరికి దూరం, బస్సులు సరిగా లేవని బండి అడుగుతున్నాడు. కొనివ్వనా, వద్దా?
– ఒక తండ్రి, కడప

జవాబు: బస్సు దొరికే దారి అయితే నేను వద్దనే అంటాను. ఈ వయసు పిల్లలను ఆసుపత్రికి మోసుకురావడం నేను చూసినది జ్వరాలతో కంటే బండి ప్రమాదాలతోనే ఎక్కువ. తప్పనిసరి అయితే లైసెన్సు చేతికి వచ్చాకనే తాళం ఇవ్వండి. ఐఎస్ఐ గుర్తు ఉన్న హెల్మెట్లు రెండు కొనండి, ఎందుకంటే మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ వెనుక కూర్చునేవారికీ హెల్మెట్ తప్పనిసరి చేసింది, పైగా మీవాడు ఒక్కడే ఎప్పుడూ వెళ్లడు. కొన్నరోజున గడ్డం కింది పట్టీ బిగించి చూపించమనండి. బిగించని హెల్మెట్ పడిన క్షణంలోనే ఎగిరిపోతుంది. ముగ్గురు ఎక్కవద్దని, రాత్రి పది దాటాక హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్లే 44వ జాతీయ రహదారి మీదికి పోవద్దని మొదటిరోజే మాట తీసుకోండి. బండి చేతికి రాగానే పిల్లలు గండికోటకో, కేసీ కాలువలో ఈతకో గుంపుగా బయలుదేరడం మామూలు. గండికోట లోయ అంచున రెయిలింగు లేని చోట్ల ఫోటోల కోసం వెనక్కు నడవడం, కాలువలో నీరు వదిలిన రోజున ఈత వచ్చని దూకడం, ఈ రెండింటిని పేరుపెట్టి వద్దని చెప్పండి. "జాగ్రత్తగా ఉండు" అన్న మాటకు ఆ వయసులో అర్థం ఉండదు.

ఎవరికైనా రోడ్డు ప్రమాదం జరిగితే మొదటి 7 రోజులలో లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా చికిత్స చేసే కేంద్ర పథకం 2025 నుంచి అమలులో ఉంది. ఆ పథకంలో చేరిన ఆసుపత్రికే చేర్చమని 108 వారిని అడగాలని మీ అబ్బాయికి, వాని స్నేహితులకు కూడా చెప్పండి. గాయపడినవారిని తెచ్చి దింపిన వ్యక్తిని కేసుల పేరుతో వేధించకుండా అదే మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ కాపాడుతుంది కాబట్టి, తోటివాడు రోడ్డు మీద పడి ఉంటే భయపడి తప్పుకోవలసిన అవసరం లేదు. బండి బీమా గడువు తేదీని మీ ఫోన్‌లో కూడా రాసి పెట్టుకోండి.